కాజ్ ఒళ్ళు చెప్పే మాట

"ముందు వాడి పిర్రలు చూడవయ్యా, పిర్రలు! మొహం చూస్తావేంటి, పెళ్ళిచూపులా?" అన్నాడు స్టోష్.

"పిర్రలతో బంతి విసురుతాడా?" అన్నాడు ఎల్మర్.

"విసిరేవాణ్ణి కాపాడేవాడి గురించి చెప్తున్నా. ఎదురుగా దున్నపోతులాంటోడు పరిగెత్తుకొస్తుంటే ఆపాలంటే కింద బరువుండాలి. ఇంటింటికీ ఉత్తరాలు పంచుకునేవాడివి, నీకేం తెలుసు?"

"ఏళ్ళ తరబడి పిర్రలే తెచ్చుకుంటున్నాం కదరా. ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉన్నాం కదా. మనకి కావలసింది చెయ్యి. మంచి చెయ్యి ఉన్నోడు. అదిగో ఆ అయోవా కుర్రోడు, పొడుగ్గా, తాటిచెట్టులా."

"తాటిచెట్టే. ఒక్క గాలికి పడిపోతాడు."

వంటగది కిటికీలోంచి బెర్నీకి ఇద్దరి మాటలూ వినిపిస్తూనే ఉన్నాయి. పెర్చ్ చేపల్ని పిండిలో దొర్లించి నూనెలో వేస్తోంది. ఏటా ఏప్రిల్ నెలాఖరు శనివారం ఆమె బార్‌లో ఇదే గోల. డ్రాఫ్ట్ ఆఖరి రోజు. కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళని పెద్ద టీములు వంతులవారీగా ఏరుకుంటాయి. మంచి మంచి వాళ్ళంతా గురు, శుక్రవారాల్లోనే పోతారు. శనివారానికి మిగిలేది గంపడుగు సరుకు. కోల్బర్న్ ఊరి టీమ్ ఫోర్జ్‌మెన్‌కి ఎప్పుడూ ఆ గంపడుగు మీదే ఆశ.

బయట సరస్సు మీంచి గాలి కొడుతోంది. రోడ్డు వారన మంచు నల్లగా మురికిపట్టి ఇంకా కరగలేదు. బార్ నిండా మనుషులు. అందరికీ ముందు, పెద్ద టీవీకి ఎదురుగా, చేతుల కుర్చీలో బెర్నీ వాళ్ళ నాన్న కాజ్ కూర్చున్నాడు. కాళ్ళు బీరు సీసాల పెట్టె మీద పెట్టుకున్నాడు. పక్కనే బకెట్‌లో ఐసు.

"వేస్తా నీ తాటిచెట్టుని. చూద్దాం," అన్నాడు స్టోష్. కుర్రాళ్ళ ఆటల వీడియోలు అతనే తన ఫోన్‌లోంచి టీవీలో వేస్తాడు.

అయోవా కుర్రాడు తెర మీద కనిపించాడు. వెనక్కి రెండడుగులు వేసి బంతి విసిరాడు. బంతి పిట్టలా పోయింది. ఎల్మర్ మురిసిపోయాడు. రెండోసారి విసరబోతుండగా కాజ్ కెవ్వుమని అరిచాడు. ఆయన కుడి భుజం జారిపోయింది. చూస్తుండగానే చొక్కా కింద గుమ్మడికాయంత వాచింది.

"భుజం!" అన్నారు అందరూ ఒక్కసారే.

"మళ్ళీ వెయ్," అన్నాడు ఎల్మర్.

"ఎందుకురా, కనిపిస్తోందిగా."

"చొక్కా మడతేమో. మళ్ళీ వెయ్ అంటుంటే."

మళ్ళీ వేశాడు. కాజ్ మళ్ళీ అరిచాడు. ఈసారి కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. ఎల్మర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఈ ముసలోడికి బంతి విసిరేవాళ్ళంటే మొదట్నించీ పడదు," అన్నాడు. తర్వాత ఐసు గుడ్డలో కట్టి భుజం మీద పెట్టాడు గానీ, తిట్టుకుంటూనే పెట్టాడు.

కాజ్ ఒళ్ళు అంతే. ఏ కుర్రాడి ఆట చూపించినా, ఆ కుర్రాడికి ముందుముందు ఎక్కడ విరుగుతుందో ఈయనకి అక్కడ నొప్పి పుడుతుంది. వాపు మర్నాటికి తగ్గిపోయేది. ఆదివారం చర్చికి వెళ్ళే వేళకి లేచి నడిచేవాడు. కాకపోతే ఏటికేడు కొంచెం కొంచెం మిగిలిపోయేది. ఎవరిదో వేలు వంకర, ఎవరిదో మడమ పోటు. ఎవరెవరివో తెలియని నొప్పులన్నీ మోసుకుంటూ తిరిగేవాడు.

ఒకప్పుడు ఆయనా ఫోర్జ్‌మెన్‌కి ఆడినవాడే. మోకాలు రెండు ముక్కలై మైదానం మధ్యలో పడిపోయిన రోజున, అంతకుముందు నిమిషం దాకా చప్పట్లు కొట్టినవాళ్ళే "తొందరగా తియ్యండ్రా వాణ్ణి, ఆట ఆలస్యమవుతోంది" అని అరిచారు. తర్వాత సరస్సు అడుగున ఉప్పు గనిలో దిగి, పళ్ళూడేదాకా పనిచేశాడు. అరిచినవాళ్ళ కొడుకులే ఇప్పుడు చుట్టూ కూర్చున్నది. ఆయన కోపం పెట్టుకోలేదు. ఏడాదికి ఒక్కరోజు పదిమంది తన చుట్టూ చేరతారు కదా అనుకునేవాడు.

మూల బల్ల దగ్గర ప్రూయిట్ అనే ఆయన చేపలు తింటున్నాడు. టీమ్ తరఫున కుర్రాళ్ళని చూసి పెట్టే ఉద్యోగం. ఒక ఏడాది టీమ్‌వాళ్ళు ముసలాయన మాటేంటని నవ్వి, ఎవరి ఆట చూసి కాజ్ తన మోకాలు పట్టుకుని ఏడ్చాడో ఆ కుర్రాణ్ణే తీసుకున్నారు. మొదటి ఆటలోనే వాడి మోకాలు అప్పడంలా పోయింది. అప్పట్నించీ ప్రూయిట్ ప్రతి ఏప్రిల్‌కీ వస్తున్నాడు. చేపల కోసమే వచ్చానంటాడు. నోట్లో ముక్క పెట్టుకుని కాజ్ వంకే చూస్తుంటాడు.

"ఇంక మనకి ఒక్క వంతే ఉంది," అన్నాడు స్టోష్. "ఏడో రౌండు. ఎవర్ని చూద్దాం?"

"బెర్నీ కొడుకున్నాడుగా," అన్నారెవరో వెనకనించి.

బెర్నీ చేతిలో చేప ఆగింది.

"గ్యారెట్టా? చేతులు చూశావా వాడివి? పొట్టి. కౌగిలించుకుంటే పిల్లిక్కూడా సరిపోవు," అన్నాడు పక్కబల్ల దగ్గరివాడు.

"మన ఊరోడు కదరా."

"మన ఊరోడని తీసుకుంటే, మా ఆవిడా మన ఊరిదే. దాన్ని తీసుకుంటారా టీమ్‌లోకి?" అన్నాడు స్టోష్.

"మీ ఆవిడైతే మొదటి రౌండులోనే పోతుందిరా. నువ్వు చెప్పిన పిర్రలున్నాయిగా."

బార్ అంతా విరగబడి నవ్వింది. స్టోష్ కూడా నవ్వాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఏమనుకోకు బెర్నీ. నీ కొడుకు మంచోడే. ఏనుగుల మధ్య మేక, అంతే. ఇవ్వాళ ఎవరూ తీసుకోకపోతే సోమవారం గనికి పంపించు. హెల్మెట్ తీసి పెట్టా వాడికోసం," అన్నాడు. స్టోష్ ఉప్పు గనిలో మేస్త్రీ.

బెర్నీకి ఎదురు చెప్పడం రాదు. చేపని నూనెలో వేసింది.

ఆమెకి గ్యారెట్ ఒక్కడే. ఎక్కడో కొండల్లో పేరు తెలియని కాలేజీలో ఆడుతున్నాడు. ఎదుటివాడు బంతి పట్టుకోగానే తల వంచి, గొర్రెపోతులా వెళ్ళి గుద్ది పడెయ్యడం వాడి పని. తల అలా వంచొద్దురా, పైకెత్తి వెళ్ళు అని కోచ్ ఎన్నోసార్లు చెప్పాడు. వాడు వినడు. వాణ్ణి గనిలోకి దించకూడదని బెర్నీ పట్టుదల. పొద్దున చీకట్లో దిగి సాయంత్రం చీకట్లో ఎక్కే బతుకు నాన్నది చూసింది, మొగుడిది చూసింది. ఇంకొకళ్ళది చూడటం ఆమె వల్ల కాదు. ఫోర్జ్‌మెన్ స్టేడియం బార్ గుమ్మంలో నిలబడితే కనిపిస్తుంది. వాడు అక్కడ ఆడాలి, ఆదివారం ఆట అయ్యాక ఇక్కడికొచ్చి ముద్ద తినాలి. ఆమె కోరిక అంతవరకే.

ఏప్రన్ జేబులో ఫోన్ మోగింది. గ్యారెట్.

"అమ్మా, నాది వేశారా?"

"ఇంకా లేదు నాన్నా."

"నాకు ఒక్క టీమ్ నించి కూడా ఫోన్ రాలేదమ్మా. పొద్దున్నించీ ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నా. ఇంక మనోళ్ళే మిగిలారు."

"చూద్దాంలే."

"తాతకి చెప్పు. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం నోరు మూసుకోలేడా నాకోసం? వేలు విరిగేదానిక్కూడా చచ్చిపోతున్నట్టు అరుస్తాడు. దెబ్బలు తగలనోడు ఎవడుంటాడమ్మా ఈ ఆటలో? ఏదో చీలమండ బెణుకుతుంది, దానికి కేకపెట్టి నా బతుకు ముంచుతాడు."

"అలా అనకురా."

"చెప్పమ్మా. ప్లీజ్."

బెర్నీ గిన్నెలో వేడి సూప్ పోసుకుని నాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన భుజం వాపు ఇంకా దిగలేదు. ఎడం చేత్తో గిన్నె పట్టుకోలేకపోతే తనే చెంచాతో పట్టింది.

"ఏమంటున్నాడు వాడు?" అన్నాడు కాజ్ మెల్లిగా.

"ఏం లేదు నాన్నా."

"నోరు మూసుకోమన్నాడా?"

బెర్నీ చెంచా వంక చూసింది.

"మూసుకుంటానని చెప్పు," అన్నాడు కాజ్. "ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ పిల్లలకోసం అరిచాను. మనోడికోసం ఊరుకోలేనా?"

"అరవకపోయినా వాపు కనిపిస్తుంది కదా నాన్నా."

"నా పెద్ద కోటు పట్రా. మఫ్లరు కూడా."

తీసుకొచ్చింది. తనే తొడిగింది. మెడ చుట్టూ ఫోర్జ్‌మెన్ మఫ్లరు రెండు చుట్లు చుట్టింది. ఆయన నవ్వాడు. "బడికి పంపిస్తున్నట్టు తొడుగుతున్నావే," అన్నాడు.

"ఏంటి కాజ్, చలేస్తోందా?" అన్నాడు స్టోష్.

"పొద్దున్నించీ ఐసు పెడుతూనే ఉన్నారు, చలెయ్యదా?" అంది బెర్నీ. ఆమె అంత గట్టిగా మాట్లాడగా వాళ్ళెప్పుడూ వినలేదు. స్టోష్ రెండు చేతులూ పైకెత్తాడు.

ఇంకో ఇద్దర్ని వేశారు. ఒకడికి కాజ్ మణికట్టు పట్టుకుని మూలిగాడు. ఇంకొకడికి పక్కటెముకలు. బంతి పట్టుకునేవాడు కావాలని ఒకళ్ళు, కాలితో తన్నేవాడు చాలని ఒకళ్ళు కొట్టుకున్నారు. ఎల్మర్ అయితే తాటిచెట్టుని భుజం విరిగినా సరే తీసుకోవాల్సిందే, విరిగేలోపు రెండు ఆటలు గెలిపిస్తాడు, తర్వాత వాడి ఖర్మ అన్నాడు. చాలామందికి అది సబబుగానే అనిపించింది. కుర్రాడి భుజం గురించి ఎవరికీ దిగులు లేదు. ఆ రెండు ఆటలు ఏవవుతాయా అనే లెక్కలేసుకున్నారు.

"సరే, వేస్తా బెర్నీ కొడుకుని. ఆ ముచ్చటా తీరిపోతుంది," అన్నాడు స్టోష్.

బెర్నీ వంటగదిలోకి పోలేదు. నాన్న కుర్చీ వెనక నిలబడి ఆయన భుజాల మీద చేతులు వేసింది.

తెర మీద గ్యారెట్ వచ్చాడు. చిన్న మైదానం, చుట్టూ కొండలు, ఖాళీ బెంచీలు. ఎదుటి టీమ్‌వాడు బంతి అందుకున్నాడు. గ్యారెట్ ఎక్కణ్ణించో పరిగెత్తుకొచ్చాడు. తల వంచాడు. గుద్దాడు. బంతి ఎగిరిపోయింది. గ్యారెట్ లేచి గుండెల మీద కొట్టుకుంటూ గంతులేశాడు.

కాజ్ అరవలేదు.

బెర్నీకి మాత్రం మఫ్లరు కింద, తన బొటనవేళ్ళ మధ్య, ఎండుపుల్ల విరిగినట్టు చిన్నగా టిక్కుమన్నది తెలిసింది. అంతే. ఆయన పళ్ళు కరుచుకుని ఉన్నాయి. మూలుగు కూడా బయటికి రాలేదు.

బార్‌లో అందరూ కాజ్‌నే చూస్తున్నారు. స్టోష్ లేచి వచ్చి వంగి, ప్యాంటు మీదనించే మోకాళ్ళు నొక్కి చూశాడు. చీలమండలు చూశాడు. కోటు చేతులు పైకి లాగి మోచేతులు, మణికట్లు చూశాడు. ఇందాకటి వాపులే. కొత్తది ఒక్కటి లేదు. మెడ ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళలో మెడ చూడాల్సిన పనే పడలేదు.

"ఏమీ లేదు," అన్నాడు స్టోష్ ఆశ్చర్యంగా. "గుండ్రాయిలా ఉన్నాడు."

"ఇంకోసారి వెయ్," అన్నాడు ఎల్మర్.

ఇంకోసారి వేశారు. గ్యారెట్ తల వంచాడు, గుద్దాడు, గంతులేశాడు. కాజ్ కదల్లేదు.

"శుభ్రం!" అని అరిచాడు ఎల్మర్. "ఇన్నేళ్ళలో ఒక్కడు శుభ్రంగా ఉన్నోడు! అదీ మన బెర్నీ కొడుకు!"

"నేను ముందే చెప్పా," అన్నాడు స్టోష్. "పొట్టి చేతులే మంచివి, విరగడానికి పొడుగుండదు."

మూల బల్ల దగ్గర ప్రూయిట్ మూతి తుడుచుకున్నాడు. ప్లేటు పక్కకి నెట్టి, ఫోన్ తీసుకుని గుమ్మం దాటి బయటికి వెళ్ళాడు.

బెర్నీ కుర్చీ ముందుకొచ్చి వంగింది. "అయిపోయింది నాన్నా. ఇంక పర్లేదు," అంది.

కాజ్ పెదాలు కదిలాయి. ఆమె చెవి దగ్గర పెట్టింది. ఒక్క మాట అన్నాడు. ఊపిరి అంత చిన్నగా అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు అన్నాడు.

బెర్నీ అలాగే కిందికి జారి, బూటు దారం కడుతున్నట్టు కూర్చుంది. మేజోడు దించి ఆయన పిక్క మీద గోళ్ళతో గిల్లింది. గట్టిగా గిల్లింది. రక్తపు బొట్టు వచ్చింది. తలెత్తి నాన్న మొహంలోకి చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. కాలి దగ్గర ఏం జరుగుతోందో ఆయనకి తెలియట్లేదు.

"ఏమన్నాడు?" అన్నాడు స్టోష్.

కిటికీ అద్దంలోంచి ప్రూయిట్ కనిపిస్తున్నాడు. గాలికి వీపు తిప్పి, ఒక చెవి మూసుకుని, ఫోన్‌లో తల ఊపుతున్నాడు. గుమ్మం పెద్ద దూరం లేదు. ఆగమని ఒక్క కేక వేస్తే చాలు.

"నీళ్ళడిగాడు," అంది బెర్నీ.

వెళ్ళి గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. పట్టింది. నీళ్ళు పెదాల పక్కనించి మఫ్లరులోకి కారిపోయాయి. ముసలి కాళ్ళు, పొద్దున్నించీ పెట్టె మీద పెట్టి తిమ్మిరెక్కి ఉంటాయి అనుకుంది. అది నిజం కాదని తెలిసే అనుకుంది. గ్యారెట్ ట్రక్కు బార్ ముందు ఆగినట్టూ, వాడు బూట్లు దులుపుకుని లోపలికొస్తున్నట్టూ కళ్ళకి కట్టింది. గ్లాసు పట్టుకుని నిలబడింది. కేక వెయ్యలేదు.

టీవీలో సూటు వేసుకున్న మనిషి చీటీ చూసి, ఫోర్జ్‌మెన్ వంతు అని, గ్యారెట్ పేరు చదివాడు.

బార్ పైకప్పు ఎగిరిపోయినట్టయింది. బీర్లు పొంగించి ఒకళ్ళ మీద ఒకళ్ళు పోసుకున్నారు. ఇందాక పిల్లిక్కూడా సరిపోవన్నవాడే బెర్నీని ఎత్తి తిప్పాడు. స్టోష్ కుర్చీ దగ్గరికొచ్చి, "నీ మనవడు ముసలోడా! ఫోర్జ్‌మెన్!" అంటూ కాజ్ నెత్తి మీద చెయ్యేసి ఊపాడు. తల ఊగింది. ఊగి, భుజం మీదకి వాలి, ఇంక పైకి లేవలేదు.

గోల ఒక్కో బల్ల దగ్గరా ఆగుతూ వచ్చింది.

ఎల్మర్ ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. టోపీ తీశాడు.

"సంతోషం పట్టలేకపోయాడు," అన్నాడు స్టోష్. "పేరు వినగానే పోయాడు చూశారా? అదృష్టవంతుడు. ఇలాంటి చావు ఎవరికొస్తుంది?"

అందరూ అవునన్నారు. ఎవరో కుర్చీ మీద టీమ్ జెండా కప్పారు. కొంచెంసేపు తలలు దించుకుని నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలోనే వెనకనించి ఒకాయన పక్కవాడితో, "మరి వచ్చే ఏడు ఎలారా?" అన్నాడు. పక్కవాడు, "అదే నేనూ ఆలోచిస్తున్నా," అన్నాడు.

బెర్నీ జేబులో ఫోన్ మోగింది. ఆమె తియ్యకపోతే స్టోష్ తీసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"అమ్మా! అమ్మా, విన్నావా! తాత అరవలేదా?"

"ఒరేయ్, స్టోష్‌ని. అరవలేదురా. నువ్వు ఉక్కువి. నీ హెల్మెట్ వేరేవాడికి ఇచ్చేస్తా ఇంక." గొంతు తగ్గించాడు. "ఇంకో మాట రా. మీ తాత నీ పేరు విన్నాడు. విని, ఆ సంతోషంలోనే కళ్ళు మూశాడు."

అటునించి గ్యారెట్ ముక్కు చీదుకున్నాడు.

"ఏమన్నా అన్నాడా చివర్లో?"

"నీళ్ళడిగాడంట. మీ అమ్మే ఇచ్చింది."

"నీళ్ళా?" అన్నాడు గ్యారెట్. "తాత నీళ్ళు తాగగా నేనెప్పుడూ చూళ్ళేదే. అమ్మా, ఉన్నావా అక్కడ? నీతో ఏమన్నాడు?"

ప్రూయిట్ లోపలికి వచ్చాడు. చేతిలో కొత్త ఫోర్జ్‌మెన్ టోపీ. అది బెర్నీకి ఇవ్వడానికి చెయ్యి చాపి, కుర్చీ మీద జెండా చూసి, అలాగే నిలబడిపోయాడు. అందరూ బెర్నీ ఏదో మంచిమాట చెప్తుందని, రేపు చర్చిలో చెప్పుకోవచ్చని ఎదురుచూస్తున్నారు. స్టోష్ ఫోన్ ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. చెప్పు చెప్పు అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

"చెప్పమ్మా. ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పు."

బెర్నీ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. కాజ్ ఎంత చిన్నగా అన్నాడో అంత చిన్నగానే చెప్పింది.

"బెర్నీ, నా కాళ్ళు ఎక్కడ పెట్టావే?"